ఎర్రమన్ను చెయ్యి

ప్రొద్దుటూరు నరాల ఆస్పత్రి వరండాలో మధ్యాహ్నం పూట కూచుంటే కునుకు రానివాడు ఉండడు. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతుంటుంది. మందుల కోసం వచ్చినవాళ్లు గోడకు ఆనుకొని జోగుతుంటారు. బయట సోడాబండివాడు గోలీ కొట్టిన చప్పుడు అప్పుడొకటి ఇప్పుడొకటి వినపడుతుంది. మునెమ్మకు ఈ వరండా కొత్తది కాదు. ఏళ్ల తరబడి మాత్రల కోసం వస్తూనే ఉంది. ఆ మాత్రలు మంచివే, ఆ మాటకు ఆ మాట చెప్పుకోవాల. చెవుల్లో గుసగుసలు తగ్గించినాయి, కడుపుకింత అన్నం సయించేట్టు చేసినాయి.

ఆ పొద్దు మాత్రం ఆమె మాత్రల కోసం రాలేదు, డాక్టరమ్మ చేస్తున్న ఒక పరీక్షకు వచ్చింది. పక్కన మల్లెపూవు లాంటి చొక్కా తొడుక్కొని, కాలు మీద కాలేసుకొని కూచున్నవాడు చెన్నకేశవ. ఆమె తోడబుట్టిన అన్న. ఒకప్పుడు గొర్రెలు కాసుకున్నవాడు, ఇప్పుడు జమ్మలమడుగులో పార్టీ నాయకుడు. ఈసారి టికెట్టు తనదేనని నమ్మకంగా ఉన్నాడు. ఒకే ఒక్క ముల్లు మిగిలిపోయింది. ఆ ముల్లు పేరు మునెమ్మ.

"వచ్చే శనివారం గండికి పోదాం మే," అన్నాడు మెల్లగా, అటూ ఇటూ చూసి. "ఆంజనేయసామి ముందర కర్పూరం ఆర్పి ఒక్క మాట చెప్పు. 'మా అన్నకు ఏ పాపమూ తెల్దు, నా మతి బాగలేక అట్ల అన్యా' అని. ఊరోళ్ల నోర్లు మూతబడతాయి."

"చెప్తాలే అన్నా," అంది మునెమ్మ. "ముందు ఈ పరీచ్చ కానీ."

గండి ఆంజనేయుడి ముందు కర్పూరం ఆర్పి అబద్ధం చెప్పినవాళ్ల వంశం నిలబడదని ఆ పక్క జనం నమ్మకం. కాబట్టి అక్కడ ఏం చెప్పాలో ఆమెకు ముందే తేలిపోవాల. తను ఆ పొద్దు చూసిందా, చూడలేదా. ఈ ఒక్క ప్రశ్న చెదలు మాదిరిగా ఆమెను లోపల్లోపల తినేస్తోంది.

మునెమ్మ మొగుడు గంగులయ్య. చక్రాయపేట దగ్గరి పల్లెలో అన్నా చెల్లెళ్ల ఇళ్లు పక్కపక్కనే ఉండేవి, గొర్రెల మందలు కూడా. గంగులయ్య నెమ్మదస్తుడు, కుడిచేతి ఉంగరపు వేలికి లావుపాటి రాగి ఉంగరం పెట్టుకొని తిరిగేవాడు. నీళ్ల కోసం ఏట్లోకి దించినప్పుడు మందలన్నీ కలిసిపోతాయి గదా, అందుకని ఒక్కో ఇంటివాళ్లు తమ గొర్రెలకు ఒక్కో గుర్తు వేసుకుంటారు. చెన్నకేశవ ఇంటి గుర్తు అరచెయ్యి. ఎర్రమన్ను నీళ్లలో కలిపి, చెయ్యి ముంచి, గొర్రె వీపు మీద అదుముతాడు. చిన్నప్పుడు కొడవలి తగిలి ఆయన ఉంగరపు వేలు మొదలంటా పోయింది. ఆ వేలు చోట సందు ఉన్న చెయ్యి ఏ గొర్రె మీద కనపడితే, అది చెన్నకేశవదని పసిపిల్లలు కూడా చెప్పేవాళ్లు.

ఆ ఏడు ఎన్నికల్లో గంగులయ్య ఒక పార్టీ తరఫున ఏజెంటుగా కూచున్నాడు. ఆయన చేసిన నేరం అంతే. అవి మాటకు ముందు కొడవలి లేచే రోజులు. అవతలి పార్టీవాళ్లు, ఇప్పుడు చెన్నకేశవ నాయకుడిగా ఉన్న పార్టీవాళ్లే, ఆయన్ను చంపేందుకు ఎక్కడి నుంచో మనుషుల్ని తెప్పించుకున్నారు. ఆ వచ్చినవాళ్లకు గంగులయ్య మొహం తెలియదు. శ్రావణ శనివారం గండిలో తిరనాళ్లు, ఇసక వేస్తే రాలనంత జనం. అంతమందిలో వాళ్లు ఆయన్ను ఎట్లా పోల్చుకోవాల?

పొద్దున్నే మునెమ్మా, గంగులయ్యా గండికి బయలుదేరుతుంటే, గొర్రెలకు గుర్తులు వేస్తున్న చెన్నకేశవ లేచొచ్చినాడు. "పోయిరాప్పా బావా, నా దండం గూడా పెట్టు సామికి," అని గట్టిగా వాటేసుకున్నాడు. నాలుగడుగులు వెనక నడుస్తున్న మునెమ్మకు మొగుడి తెల్లచొక్కా వీపు మీద ఎర్రటి చెయ్యి అచ్చు కనపడింది. ఉంగరపు వేలు లేని చెయ్యి.

ఆమెకు నవ్వొచ్చింది. "ఏమయ్యో, మా అన్న నిన్ను గూడా మందలో కలుపుకున్యాడే."

"కలుపుకోనీలే మే. మీ ఇంటి గొర్రెనే గదా నేను," అన్నాడు గంగులయ్య.

పాపాఘ్ని ఏటి ఇసకలో, గుడికి ఇంకా కాస్త దూరం ఉండగానే, వెనక నుంచి వచ్చారు. మొహం చూడలేదు వాళ్లు. వీపు చూశారు.

మునెమ్మ ఆ ఇసకలోనే తెలివి తప్పి పడిపోయింది. అందరికన్నా ముందు శవం దగ్గరికి చేరింది చెన్నకేశవే. అందరికన్నా పెద్దగా ఏడ్చిందీ ఆయనే. పోలీసుల చేతికొచ్చిన చొక్కా మీద నెత్తురు తప్ప ఎర్రమన్ను జాడ లేదు. "ఆ పొద్దు నేను గుర్తులే ఏయల్యా," అన్నాడాయన. వీపు మీద చెయ్యి అచ్చు చూసినానని మునెమ్మ గొంతు చించుకొని చెప్పింది. ఆ తర్వాత ఆమెను పులివెందులలో మేనత్త ఇంట్లో పెట్టారు. గోడల్లోంచి మాటలు వినపడటం అక్కడే మొదలైంది. జబ్బు నిజంగానే వచ్చింది, అందులో దాపరికం లేదు. ఇక చెన్నకేశవకు చెప్పే పనే లేకుండా పోయింది. నెత్తురు చూసి ఎర్రమన్ను అనుకుందిలే పాపం, అని ఊరే చెప్పేది. ఏళ్ల తరబడి అందరూ లేదు లేదంటుంటే, ఎంతటివాళ్లకైనా తమ కళ్ల మీద తమకే అనుమానం వస్తుంది. మునెమ్మకూ వచ్చింది.

డాక్టరు పద్మావతమ్మ బెంగళూరులో చదివొచ్చిన మనిషి. మునెమ్మ లాగా స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల జ్ఞాపకశక్తి మీద ఏదో పరిశోధన చేస్తోంది. గదిలో కూచోబెట్టి నింపాదిగా చెప్పింది.

"మన తలలో ఎప్పుడూ సన్నగా కరెంటు నడుస్తుంటుందమ్మా. దాన్ని ఈ మిషను గీతలుగా గీస్తుంది. ముందు కొన్ని బొమ్మలు చూపిస్తాం. తర్వాత వాటిలో కొత్తవి కలిపి మళ్లీ చూపిస్తాం. చూసిన బొమ్మ వస్తే, నువ్వు నోరు తెరవకముందే గీత కాస్త పైకి లేస్తుంది. కొత్త బొమ్మకు అంత లేవదు. ఈ జబ్బులో ఆ తేడా తగ్గిపోతుంటుంది. ఒక్క బొమ్మతో ఏమీ తెలియదు, చాలా బొమ్మలవి కలిపితేనే కనపడుతుంది."

"అంటే... నోరు లేదన్యా, తలకాయ చెప్పేస్తాది అంటావా తల్లీ?"

"నిజం, అబద్ధం తేల్చే మిషను కాదమ్మా ఇది," అంది డాక్టరు, తొందరగా.

మునెమ్మ తలూపింది. చెవులు విన్నాయి గానీ మనసు తనకు కావలసిందే పట్టుకుంది.

"పోల్చుకోవడానికి జబ్బు లేనివాళ్ల గీతలూ కావాలి," అంటూ డాక్టరు చెన్నకేశవ వైపు తిరిగింది. "మీరు కూడా కూచుంటారా?"

"దానికేముంది మేడం. నా తలకాయలో ఓట్ల లెక్క తప్ప ఇంకేం దొరకదు మీకు," అని నవ్వినాడు చెన్నకేశవ. చెల్లెలి మతి మంచిది కాదని మిషనే తేలిస్తే తనకు మేలే గదా, అని ఆయన లెక్క.

పరీక్ష గది చిన్నది. కిటికీలకు నల్లగుడ్డ కొట్టేశారు. తలుపేస్తే పట్టపగలే చీకటి. మిషన్లు నడిపే రషీదా మునెమ్మ జుట్టు పాయలు పాయలుగా తీసి, చల్లటి జిగురు పూసి తీగలు అంటించింది. స్పిరిటు వాసన ముక్కుల్లోకి గుప్పుమంది.

"కదలొద్దక్కా. చూసిన బొమ్మయితే ఈ పచ్చ మీట నొక్కు, 'చూసినా' అని. కొత్తదయితే, ముందు చూడనిదయితే, ఎర్రమీట, 'చూల్యా' అని. నొక్కితే ఆ రంగు దీపం ఎలుగుతుంది. నేను బయట అద్దం కాడనే ఉంటా."

తలుపు మూసుకుంది.

ముందర తెర వెలిగింది. బిందె. తాళంకప్ప. ముక్కుపుడక పెట్టుకున్న ముసలావిడ. గడియారం. మీసాలాయన. ఒక్కోటి వచ్చి పోతోంది. రెండో దఫాలో మీటలు నొక్కడం మొదలుపెట్టింది మునెమ్మ. బిందె, చూసినా. గొడుగు, చూల్యా. మీసాలాయన... చూసినట్టే ఉంది, కాదేమో. ఎర్రమీట. ఏది నొక్కినా, రెండోది నొక్కి ఉండాల్సిందేమో అని గుబులు. ఆమె బతుకంతా ఈ గుబులే.

కాసేపటికి వాసన మారింది.

మొదట జిగురు వాసన అనుకుంది. కాదు. తడిసిన ఉన్ని వాసన. వాన పడినాక మందలోంచి వచ్చే వాసన. దాంట్లో కలిసి ఇంకొకటి... నీళ్లు పోసి కలిపిన మన్ను.

తెర మీద బొమ్మ వచ్చింది. మొహం కాదు. వీపు. తెల్లచొక్కా వేసుకున్న మగమనిషి వీపు. దాని మీద ఎర్రగా చెయ్యి. నాలుగు వేళ్లు. మధ్యలో సందు.

మునెమ్మ వేలు దానంతటదే పచ్చమీట మీద పడింది. మళ్లీ నొక్కింది. మళ్లీ మళ్లీ నొక్కింది.

తలుపు తెరుచుకుంది. వెలుతురు మొహాన కొట్టింది.

"మునెమ్మా, అక్కడ దేనికి నొక్కావు?" అంది డాక్టరు. "బొమ్మకూ బొమ్మకూ మధ్య ఖాళీ అది. తెర నల్లగా ఉంది."

"మా ఇంటాయన వీపు చూపిచ్చినారు గదమ్మా."

డాక్టరు, రషీదా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేడం," అని గుసగుసగా అంది రషీదా, "ఆడ బొమ్మే లేదు. గీత మాత్రం సూడండి... ఇంతెత్తు లేచింది."

"కళ్లార్పి ఉంటుంది, కదిలి ఉంటుంది. ఒక్కదానికే ఇంత లేవదు," అంది డాక్టరు.

మునెమ్మకు ఇది అలవాటే గదా. ఆమె చూసిందల్లా అక్కడ లేదనే చెబుతారు.

తర్వాత చెన్నకేశవ లోపలికి పోయినాడు. తీగలు అంటిస్తుంటే, "సన్మానం మాదిరిగా ఉండాదే," అని రషీదాతో పరాచికాలాడినాడు. తలుపు మూసినాక మునెమ్మను బయట బల్ల మీద కూచోనిచ్చారు. అక్కడ రెండు తెరలు. ఒకదాని మీద ఆయన తలలోని గీతలు, ఇంకోదాని మీద లోపల ఆయనకు కనపడే బొమ్మలు. మాటలు వినేందుకు ఒక మైకు.

మొదటి దఫా బాగానే జరిగింది. రెండో దఫా కూడా సగం దాకా చక్కగా నొక్కినాడు. మతి మంచిదే, మరిచిపోయే రకం కాదు.

ఆ తర్వాత బొమ్మల మధ్య ఖాళీ వచ్చింది. తెర నల్లబడింది.

టక్. ఎర్రదీపం. చూల్యా.

"ఇప్పుడేం లేదే..." అంది రషీదా.

టక్. చూల్యా. టక్. చూల్యా. తెర నల్లగానే ఉంది. తర్వాతి బొమ్మ రాలేదు. రషీదా మీటలు కొట్టింది, మిషను కదల్లేదు. ఆయన మాత్రం ఎర్రమీట నొక్కుతూనే ఉన్నాడు. నొక్కిన ప్రతిసారీ గీత పైకి లేస్తోంది... నొక్కకముందే లేస్తోంది... నిలువునా, తెర అంచు దాకా.

డాక్టరు మైకు దగ్గరికి వంగింది. "చెన్నకేశవగారూ, మీకేం కనపడుతోంది?"

మీట చప్పుడు ఆగింది.

"ఎవురో... ఈపు చూపిచ్చి నిలబడినాడు మేడం." గొంతు ఆయనది కానట్టే ఉంది. "బొమ్మ తీసెయ్యండి."

"అక్కడ బొమ్మ లేదండీ."

"ఆ చొక్కా... యాడ దొరికింది మీకు? ఆ చొక్కా నేను కాల్చేస్తి గదా... నా చేతుల్తో ఇప్పి, ఏరేది తొడిగిచ్చి... కాల్చేస్తి గదా..."

మునెమ్మ బల్ల అంచు పట్టుకుంది. మైకులోంచి తడిసిన ఉన్ని వాసన రాదు గదా. కానీ వచ్చింది. రషీదా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"తిరగొద్దని చెప్పండి," అంటున్నాడు లోపల. "మేడం... తిరుగుతాండాడు... వద్దు బావా... వద్దు..."

అద్దంలోంచి చూస్తే గదిలో కుర్చీ, దాంట్లో చెన్నకేశవ, అంతే. ఆయన రెండు చేతులూ పక్కలకు అతుక్కుపోయి ఉన్నాయి, ఎవరో గట్టిగా వాటేసుకున్నట్టు. మెడ వెనక్కి వాలిపోయింది.

అప్పుడు మైకులో ఇంకో గొంతు, గంగులయ్యది. నెమ్మదిగా, ఆప్యాయంగా...

"పోయిరాప్పా బావా."

మునెమ్మకు గొంతులు వినపడటం కొత్త కాదు. అందుకే ఆమె రషీదా వైపు చూసింది. రషీదా మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"మేడం," అంది రషీదా, పెదవులు కదిలీ కదలకుండా, "లోపల ఇంకెవురుండారు?"

డాక్టరే పోయి తలుపు తీసింది. దీపాలన్నీ వేసింది. చెన్నకేశవ చెమటతో తడిసి ముద్దయినాడు, తీగలు తనే పీకి పారేసుకున్నాడు. నీళ్లు తాగినాడు. కాస్త తెప్పరిల్లి, "మీ మిషను షాకు కొడతాండాది మేడం, బాగు చేపిచ్చుకోండి," అన్నాడు. డాక్టరు ఎవరికో ఫోను చేయాలంటూ తన గదిలోకి పోయింది. పోయి తలుపు గడియ వేసుకుంది.

మునెమ్మ అన్న ముందుకు పోయి నిలబడింది.

"ఏ చొక్కా అన్నా నువ్వు కాల్చింది?"

చెన్నకేశవ ఆమెను చూసినాడు. ఆ చూపులో సిగ్గు వెతికింది మునెమ్మ. పిసరంత దొరికినా చాలనుకుంది. ఒక కడుపున పుట్టినవాడు గదా. చిన్నప్పుడు తన వంతు సంగటి ముద్ద ఆమె గిన్నెలో వేసినవాడు గదా. ఇన్నేళ్లూ మాత్రలు తెచ్చిచ్చినవాడు, జీపులో ఎక్కించుకొని ఆస్పత్రికి తిప్పినవాడు. మొగుడు పోయిన దుఃఖం కన్నా ఇది పెద్దగా ఉంది. మొగుణ్ణి చంపినవాళ్లు పరాయివాళ్లు. తన కళ్లను తనకు కాకుండా చేసింది మాత్రం ఈ అన్న.

"శనివారం గండిలో చెప్పాల్సిందే చెప్పు," అన్నాడు గుసగుసగా, చెవి దగ్గరికి వంగి. "ఏరే మాట చెప్పినా నష్టం లేదులే. పిచ్చిదాని మాట ఎవురింటారు మే?"

కండువా భుజాన సర్దుకొని, తల దువ్వుకొని బయటికి నడిచినాడు. వీధిలో ఆయన పార్టీ ఊరేగింపు మొదలవబోతోంది. మైకు అరుస్తోంది, డప్పులు మోగుతున్నాయి, ఎటు చూసినా తెల్లచొక్కాలే. ఆయన మెట్లు దిగుతుంటే మునెమ్మ వాకిట్లో నిలబడి చూసింది.

ఆయన వీపు మీద ఎర్రటి చెయ్యి.

ఇంకా తడిగా ఉంది, కిందికి ఒక చుక్క జారుతోంది. ఈ చేతికి ఐదు వేళ్లూ ఉన్నాయి. ఉంగరపు వేలి మొదట్లో మాత్రం రంగు అంటలేదు. లావుపాటి ఉంగరం పట్టేంత మేర తెల్లగా ఉంది.

రోడ్డు అవతల టీ అంగడి దగ్గర ముగ్గురు మనుషులు గ్లాసులు పట్టుకొని నిలబడ్డారు. ఈ ఊరివాళ్లు కాదు. ఊరేగింపులోని మొహాలను ఒక్కొక్కటే చూస్తున్నారు, ఎవరినీ పోల్చుకోలేనట్టు. వాళ్లలో ఒకడి చూపు చెన్నకేశవ వీపు మీద పడింది, అక్కడే నిలిచిపోయింది. వాడు గ్లాసు కింద పెట్టి, పక్కవాడి మోచెయ్యి తట్టినాడు.

మునెమ్మ నోరు తెరిచింది. అన్నా, అని ఒక్క కేక వేస్తే చాలు. ఆగుతాడు, కండువా కప్పుకుంటాడు.

రషీదా వచ్చి పక్కన నిలబడింది. ఆమె కూడా అటే చూస్తోంది. "అక్కా..." అంది. "మీ అన్న ఈపు మీద... ఎర్రగా... నువ్వు చూసినావా?"

ఇన్నేళ్లూ అన్న నేర్పిన మాట ఒకటి నోట్లో సిద్ధంగా ఉంది.

"చూల్యా," అంది మునెమ్మ.

డప్పులు జోరందుకున్నాయి. తెల్లచొక్కాల్లో ఎర్రచెయ్యి మెల్లగా దూరమవుతోంది, దాని వెనకే ముగ్గురూ నడుస్తున్నారు.

అప్పుడు వాళ్ల వెనక, తలుపు తెరిచి ఉన్న ఖాళీ గదిలో, కుర్చీ పక్కన వేలాడుతున్న మీట టక్‌మంది. రషీదా తిరిగి చూసింది.

పచ్చదీపం వెలుగుతోంది.